పక్కవాడి స్పామ్, మన మెయిల్‌కి శిక్ష

పలాస–కాశీబుగ్గలో జీడిపప్పు ధర పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండాలని లేదు. డబ్ల్యూ-320 రకం ఇన్ని డబ్బాలు, రేటు ఇంత, ఈ రోజు వరకే అని కొటేషన్ రాసి గుజరాత్‌లోనో ఢిల్లీలోనో ఉన్న పార్టీకి వ్యాపారి మెయిల్ కొడతాడు. రెండు నిమిషాలు తిరక్కుండానే ఇన్‌బాక్స్‌లోకి ఇంకో మెయిల్ వస్తుంది. పంపినవారి పేరు ‘మెయిలర్ డెమన్’. లోపల అరపేజీ ఇంగ్లీషు, మధ్యమధ్యలో అంకెలు, చివర ఒక లింకు. అది చూసి ఎక్కువ మంది చేసే పని అదే మెయిల్‌ని ఇంకోసారి పంపడం. అదీ తిరిగొస్తుంది. మూడోసారికి పార్టీకి ఫోన్ చేసి ‘మీ మెయిల్ పనిచేయడం లేదండీ’ అంటారు. ‘మాకు అందరివీ వస్తున్నాయి, మీదే రావడం లేదు’ అని అవతలి జవాబు. చివరికి కొటేషన్ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు. ఆ పూటకి పని గడుస్తుంది.

అన్నీ అలా గడిచేవి కావు. బ్యాంకు అడిగిన కాగితాలు, ఎగుమతి ఇన్‌వాయిస్, నెల్లిమర్లలోనో రాజాంలోనో జూట్ మిల్లు నుంచి వెళ్లాల్సిన ఆర్డర్ కాపీ, ఉద్దానం కుర్రాడు ఓడ ఉద్యోగానికి పెట్టిన అప్లికేషన్ ఇప్పటికీ మెయిల్ మీదే నడుస్తాయి. అలాంటిది ఒకటి తిరిగొస్తే ‘నెట్ బాలేదు’ అనో, ‘సర్వర్ డౌన్’ అనో సర్దుకోవడం అలవాటైపోయింది. చాలాసార్లు నెట్టూ బాగానే ఉంటుంది, సర్వరూ బాగానే ఉంటుంది. మెయిల్ బయలుదేరిన చోటుకి చెడ్డపేరు వచ్చి ఉంటుంది, అంతే. ఆ పేరు ఎక్కడ పడిందో తిరిగొచ్చిన ఆ అరపేజీలోనే ఉంటుంది. ఎవరి వల్ల పడిందో తెలుసుకునే దారి కూడా అందులోనే ఉంటుంది. దాన్ని చదవకుండా పరుగులు పెట్టడం వల్లే సగం నష్టం.

తిరిగొచ్చిన కాగితం

ఆ నోటీసులో ఎంత ఇంగ్లీషు ఉన్నా, పనికొచ్చేది ఒక్క వాక్యం. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘550 5.7.1. మీరు 203.0.113.45 నుంచి వస్తున్నారు. ఈ అడ్రస్ ఫలానా జాబితాలో ఉంది. అందుకని తీసుకోం. వివరాలకు ఈ లింకు చూడండి.’ (ఐపీ అంటే నెట్‌లో ఒక కంప్యూటర్‌కి ఉండే అంకెల అడ్రస్. ఇక్కడ రాసిన ఐపీ అంకెలు ఉదాహరణల కోసమే పక్కన పెట్టినవి, ఎవరివీ కావు.)

ముందు చూడాల్సింది మొదటి అంకె. అది 4 అయితే ‘ఇప్పుడు కాదు, కాసేపాగి రా’ అని అర్థం. పంపే సర్వర్ ఆ మెయిల్‌ని తన దగ్గరే ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, మామూలుగా నాలుగైదు రోజుల వరకు. ఈమెయిల్‌ని మొదటినుంచీ అలాగే కట్టారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసి, ఊళ్లకి ఊళ్లు కరెంటు లేకుండా ఉండిపోయినప్పుడు కూడా బయటినుంచి వచ్చే మెయిళ్లు వెంటనే మాయమైపోవు. పంపినవాళ్ల సర్వర్లలో కొన్నాళ్లు వరుసలో నిలబడి ఉంటాయి. కాబట్టి 4 కనబడితే టెన్షన్ పడక్కర్లేదు. కొన్ని సర్వర్లు కొత్త ముఖం కనబడితే కావాలనే ఒకసారి ‘తర్వాత రా’ అంటాయి. అసలు సర్వర్ అయితే తిరిగొస్తుంది, స్పామ్ చల్లేవాడు సాధారణంగా రాడు అని లెక్క.

మొదటి అంకె 5 అయితే తలుపు వేసేసినట్టు. ఎన్నిసార్లు పంపినా అదే జవాబు వస్తుంది.

రెండోది, ఏ అడ్రస్ గురించి మాట్లాడుతున్నారు అన్నది. ఇక్కడే అందరూ పొరబడతారు. నోటీసులో ఉన్న ఐపీ వ్యాపారి ఆఫీసులో ఉన్న బ్రాడ్‌బ్యాండ్‌ది కాకపోవచ్చు. చాలాసార్లు అది ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న హోస్టింగ్ కంపెనీ (వెబ్‌సైట్లకి, మెయిళ్లకి చోటు అద్దెకిచ్చే కంపెనీ) సర్వర్‌ది. మూడోది జాబితా పేరు. నాలుగోది, ఆ మాట అన్నది ఎవరి సర్వర్ అన్నది. పార్టీ సర్వరే అనొచ్చు, లేదా మధ్యలో వాళ్లు పెట్టుకున్న ఫిల్టరింగ్ సర్వీసు అనొచ్చు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో తేలిపోతుంది.

నోటీసు చెప్పే ఆ జాబితానే బ్లాక్‌లిస్ట్ అంటారు. అది ఏ మెయిల్‌నీ ఆపదు, చెడ్డపేరు పడ్డ అడ్రస్‌ల పట్టిక మాత్రమే. విజయనగరం గంటస్తంభం దగ్గర బజార్లో ఒక కొట్టుకి చెక్కు ఇచ్చి ఎగ్గొట్టినవాడి పేరు సాయంత్రానికి పది కొట్లకి తెలుస్తుంది. మర్నాడు అప్పు లేదన్నవాడు పదకొండో కొట్టువాడు. పేరు చెప్పినవాడు వేరు, తలుపు వేసినవాడు వేరు. మెయిల్‌లోనూ అంతే. జాబితా నడిపే సంస్థ తన అభిప్రాయం చెబుతుంది. దాన్ని నమ్మాలా, ఎంత నమ్మాలి, నమ్మితే మెయిల్‌ని విసిరికొట్టాలా లేక స్పామ్ ఫోల్డర్‌లో పడేయాలా అన్నది అందుకునేవాళ్ల ఇష్టం. అందుకే ఒకే మెయిల్ ఒక పార్టీకి చేరుతుంది, ఇంకో పార్టీ దగ్గర తిరిగొస్తుంది.

ఈ అడగడం, చెప్పడం అంతా జరిగే తీరు చూడముచ్చటగా ఉంటుంది. 203.0.113.45 నుంచి ఎవరో తలుపు తట్టారు. అందుకునే సర్వర్ ఆ అంకెల్ని వెనక నుంచి ముందుకి తిప్పి 45.113.0.203 అని రాసి, దాని చివర జాబితా డొమైన్ పేరు తగిలించి, మామూలు వెబ్‌సైట్ అడ్రస్ వెతికినట్టే డీఎన్‌ఎస్‌ని (పేరు చెబితే అంకెల అడ్రస్ చెప్పే నెట్ డైరెక్టరీని) అడుగుతుంది. అలాంటి పేరే లేదని జవాబొస్తే ఐపీ జాబితాలో లేనట్టు. 127తో మొదలయ్యే జవాబు వస్తే ఉన్నట్టు. ఆ జవాబులో చివరి అంకె కారణం చెబుతుంది. ఇలాంటి జాబితాలు నడిపే స్పామ్‌హాస్ అనే సంస్థ వారి ‘జెన్’ జాబితాలో 127.0.0.2 వస్తే స్పామ్‌తో సంబంధం ఉన్న చోటని, 127.0.0.4 వస్తే వైరస్ పట్టిన కంప్యూటర్ అని, 127.0.0.10 లేదా 11 వస్తే ఇళ్లకీ ఆఫీసులకీ ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్ అడ్రస్ అని అర్థం.

ఇదంతా సెకనులో చిన్న వంతులో, సాధారణంగా మెయిల్ లోపలి మాట ఒక్కటీ చదవకముందే జరుగుతుంది. కొటేషన్‌లో ఏం రాశారో ఎవరూ చూడలేదు. ‘ఆఫర్ అనే మాట వాడాం, అందుకే ఆపేశారేమో’ అని సబ్జెక్ట్ లైన్ మార్చి మార్చి పంపేవాళ్లుంటారు. ఐపీ జాబితా వల్ల తిరిగొచ్చిన మెయిల్‌కి ఆ మందు పనిచేయదు.

ఈ పట్టికలు ఎలా పుట్టాయి

1982లో మెయిల్ రవాణాకి నియమాలు రాసినప్పుడు ఎవరు పంపినా తీసుకోవడమే మర్యాద. అవతలివాడు తన పేరు ఏం చెబితే అదే నమ్మేవారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1978 మేలో, ఒక కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ మనిషి సుమారు 400 మందికి ఒకే ప్రకటన పంపి తిట్లు తిన్నాడు. అయినా నియమాలు మారలేదు. 90లలో ఇంటర్నెట్ వ్యాపారం చేతికి వచ్చాక ఆ మర్యాదే కొంప ముంచింది. 1997లో పాల్ విక్సీ, డేవ్ రాండ్ మొదలుపెట్టిన ‘మ్యాప్స్’ ఈ తరహా జాబితాల్లో మొదటిది. దాని పేరు వెనక నుంచి చదివితే ఇంగ్లీషులో స్పామ్ అవుతుంది. మరుసటి ఏడాది స్టీవ్ లిన్‌ఫర్డ్ స్పామ్‌హాస్ పెట్టాడు. స్పామ్‌కాప్ కూడా 1998లోనే వచ్చింది.

ఏ ప్రభుత్వమూ వీటికి అధికారం ఇవ్వలేదు. అధికారం అంతా నమ్మకంలోంచి వచ్చింది. దాని మీద కోర్టు గొడవలూ జరిగాయి. అమెరికాలో ఈ-360 అనే మార్కెటింగ్ కంపెనీ తన మెయిళ్లని అన్యాయంగా జాబితాలో పెట్టారని స్పామ్‌హాస్ మీద కేసు వేసింది. స్పామ్‌హాస్ వాదించడానికి నిలబడకపోవడంతో 2006లో కోర్టు 1.17 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది. ఆ తర్వాత నష్టాన్ని లెక్కగట్టి రుజువు చేయమంటే కంపెనీ తడబడింది. ఆ మొత్తం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, 2011లో అప్పీల్ కోర్టులో మూడు డాలర్లకి చేరింది. జాబితాలో పడ్డ చిన్న వ్యాపారి కోర్టుకి వెళ్దామనుకునే ముందు ఈ మూడు డాలర్ల సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పెద్దగా జవాబుదారీ లేని చోట ఇంత బలం ఉండటం న్యాయమా అంటే, పూర్తిగా కాదు. కానీ ఇవి లేకపోతే పలాస వ్యాపారి ఇన్‌బాక్స్‌లో అసలు ఆర్డర్ వెతుక్కోవడానికే పూటంతా పడుతుంది. ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు వీసా ఫీజు కట్టండి అనే దొంగ మెయిళ్లు ఉద్దానం పల్లెల్లో ఎన్ని ఇళ్ల తలుపులు తట్టేవో ఊహించుకోవచ్చు.

పాపం ఎవరిది

అసలు చిక్కు ఇక్కడ ఉంది. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఒక చిన్న వ్యాపారం ఆన్‌లైన్‌కి వచ్చే దారి ఎక్కువగా ఒకటే. తెలిసిన కుర్రాడెవరో వెబ్‌సైట్ చేసిపెడతాడు. ఏడాదికి తక్కువ రేటులో హోస్టింగ్ తీసుకుంటాడు. దాంతోపాటు ఉచితంగా వచ్చిన మెయిల్‌నే ‘సేల్స్’, ‘ఇన్ఫో’ అని పేర్లు పెట్టి ఇస్తాడు. ఆ చౌక హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల వెబ్‌సైట్లు కాపురం ఉంటాయి. మెయిళ్లన్నీ చాలాసార్లు ఒకే ఐపీ నుంచి బయటికి వెళ్తాయి. ఒక పెద్ద వాటాల ఇంటికి ఒకటే వీధి గుమ్మం అన్నట్టు. అందులో ఎవడో ఒకడు తన వెబ్‌సైట్ నడిపే పాత వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌ని ఏళ్ల తరబడి అప్‌డేట్ చేయకుండా వదిలేశాడు. దాంట్లోకి దొంగ దూరి రాత్రికి రాత్రి లక్ష మెయిళ్లు వెదజల్లాడు. తెల్లారేసరికి వీధి గుమ్మానికే చెడ్డపేరు. జీడిపప్పు కొటేషన్ కూడా ఆ గుమ్మంలోంచే రావాలి కదా.

ఈ కేసులో వ్యాపారి చేయగలిగింది తక్కువ. జాబితా వెబ్‌సైట్‌కి వెళ్లి తీసేయమని తానే దరఖాస్తు పెట్టినా, సర్వర్ తనది కాదు కాబట్టి దానికి విలువ ఉండదు. స్పామ్‌హాస్ ప్రధాన జాబితా విషయంలోనైతే ఆ నెట్‌వర్క్ నడిపేవాళ్లే అడగాలి. కాబట్టి తిరిగొచ్చిన నోటీసు మొత్తం కాపీ చేసి, ఫోటో తీయకుండా అక్షరాలుగానే, హోస్టింగ్ కంపెనీ సపోర్ట్‌కి పంపాలి. మంచి కంపెనీ అయితే ఆ రోజే దొంగ సైట్‌ని ఆపి, పేరు తీయించుకుంటుంది. నెలకోసారి ఇదే జరుగుతుంటే ఆ ఇంట్లో అద్దెకి ఉండటం మానేయడమే. మెయిల్‌ని గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, జోహో లాంటి చోటుకి మార్చుకుని, వెబ్‌సైట్‌ని మాత్రం పాత చోటే ఉంచుకోవచ్చు. ఈ రెండూ ఒకే చోట ఉండాలని రూలేమీ లేదు. ఆ సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

పాపం మనదే అయిన సందర్భాలూ ఉన్నాయి. వాటిలో మొదటిది ఆఫీసు కంప్యూటర్. బిల్లింగ్ కోసం ఎప్పుడో వేయించిన క్రాక్ సాఫ్ట్‌వేర్, దాంతోపాటే చేరిన వైరస్. కంప్యూటర్ కాస్త నెమ్మదించింది అనుకుంటారు, అది మాత్రం వెనకాల రోజంతా స్పామ్ కొడుతూ ఉంటుంది. రెండోది పాస్‌వర్డ్. షాపు పేరు, పక్కన 123. మూడోది వెబ్‌సైట్‌లో ఉన్న ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం. దాంట్లో ఎవరి మెయిల్ రాస్తే వాళ్లకి ‘ధన్యవాదాలు’ అని కాపీ వెళ్లేలా పెడితే స్పామ్ చల్లేవాడికి ఉచిత టపా ఆఫీసు దొరికినట్టే.

నాలుగోది ఎవరికీ తట్టదు. ‘ఇన్ఫో’ అడ్రస్‌కి వచ్చేవన్నీ సొంత జీమెయిల్‌కి వచ్చేలా ఫార్వర్డ్ పెట్టుకోవడం చాలా మందికి అలవాటు. ఆ అడ్రస్‌కి వచ్చే చెత్త కూడా వ్యాపారి సర్వర్ మీదుగానే జీమెయిల్‌కి వెళ్తుంది. జీమెయిల్ కంటికి ఆ చెత్త మోసుకొస్తున్నది వ్యాపారి సర్వరే. పైగా జీమెయిల్‌లో దాన్ని ‘స్పామ్’ అని నొక్కేది కూడా ఆ వ్యాపారే, తన సర్వర్ మీద తానే ఫిర్యాదు చేసినట్టు!

ఈ కారణాల్ని సరిచేయకుండా జాబితా నుంచి పేరు తీయించుకుంటే గంటల్లో మళ్లీ ఎక్కుతుంది. కొన్ని జాబితాలు పదేపదే వచ్చే దరఖాస్తుని తేలిగ్గా తీసుకోవు, రెండోసారి ఆలస్యం చేస్తాయి. ముందు రంధ్రం పూడ్చాలి, ఆ తర్వాతే దరఖాస్తు. స్పామ్‌కాప్ లాంటివి అయితే అడగక్కర్లేదు కూడా. కొత్త ఫిర్యాదులు ఆగిపోతే 24 గంటల్లో పేరు దానంతటదే రాలిపోతుంది.

ఒక జాబితా విషయంలో మాత్రం అనవసరంగా హడలిపోతారు. ఇంట్లోనో షాపులోనో బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ పెట్టుకున్నవాళ్లు తమ ఐపీని ఏదో చెకింగ్ సైట్‌లో వేసి చూస్తే స్పామ్‌హాస్ పీబీఎల్ దగ్గర ఎర్రగా కనబడొచ్చు. అది నేరం మోపడం కాదు. మారిపోతూ ఉండే ఇంటి ఐపీల నుంచి మెయిల్ నేరుగా బయటి సర్వర్లకి వెళ్లకూడదు, తన మెయిల్ కంపెనీ సర్వర్ ద్వారానే వెళ్లాలి అని చెప్పే జాబితా అది. ఔట్‌లుక్‌లోనో ఫోన్‌లోనో పాస్‌వర్డ్ ఇచ్చి 587 పోర్ట్ ద్వారా (అంటే తమ మెయిల్ కంపెనీ సర్వర్‌కి అప్పజెప్పి) పంపేవాళ్లకి దాంతో పనే లేదు. ఆఫీసులో సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నవాళ్లకే అది అడ్డం. వాళ్లు మారని ఐపీ ఒకటి తీసుకుని, ఆ ఐపీని వెనక్కి వెతికితే తమ సర్వర్ పేరే వచ్చేలా ఇంటర్నెట్ కంపెనీ చేత రాయించుకోవాలి.

అలాగే, ఒక ఐపీని ఒకేసారి ఎన్నో జాబితాల్లో వెతికి పెట్టే సైట్లలో నాలుగైదు ఎర్ర చుక్కలు కనబడినంత మాత్రాన కొంప మునగదు. ఆ జాబితాల్లో చాలావాటిని పెద్ద సర్వర్లు పట్టించుకోవు. నోటీసులో పేరున్న జాబితానే అసలు జాబితా. మిగతావి చూసుకోవడం తీరిక ఉన్నప్పటి పని.

డబ్బులడిగే జాబితాల సంగతి వేరే చెప్పాలి. యూసీఈ-ప్రొటెక్ట్ అనే జాబితాకి మూడు అంతస్తులు. మొదటిదాంట్లో ఒక్క ఐపీ ఉంటుంది, ఏడు రోజులు స్పామ్ రాకపోతే తనంతట తానే పోతుంది. రెండోదాంట్లో చుట్టుపక్కల ఐపీలు కూడా ఉంటాయి. మూడోదాంట్లో అయితే ఆ ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్ మొత్తం ఉంటుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. ఏడు రోజులు ఆగలేనివాళ్లు డబ్బు కట్టి త్వరగా బయటపడొచ్చు అంటారు. పేరు తీయడానికి డబ్బు తీసుకోకూడదని ఇంటర్నెట్ పద్ధతులు చెప్పే పత్రాల్లో 2012లో వచ్చిన 6471వది సూచించింది. స్పామ్‌హాస్, బరాకుడా లాంటి జాబితాలు పైసా తీసుకోవు. డబ్బు కట్టడం కన్నా ఆ వారం వేరే దారిలో మెయిల్ పంపుకోవడం నయం. ఆ జాబితాని నమ్మి తలుపు వేసే సర్వర్లు ఎటూ తక్కువే.

ఐపీ మార్చేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. చెడ్డపేరు ఐపీకి కాకుండా డొమైన్‌కి పడి ఉంటే అది పనిచేయదు. మెయిల్ అడుగున సంతకంలో రాసే వెబ్‌సైట్ లింకుని కూడా జాబితాల్లో వెతికే సర్వర్లున్నాయి. వెబ్‌సైట్ హ్యాక్ అయి, దాని ఏదో మూల ఉన్న పేజీల్లో జూదం ప్రకటనలు దాక్కుని ఉంటే మెయిల్ జీమెయిల్ నుంచి పంపినా సంతకంలో ఉన్న లింకు పట్టిస్తుంది. అలాంటప్పుడు చిన్న పరీక్ష ఒకటి ఉంది. లింకు, సంతకం తీసేసి అదే మెయిల్ పంపి చూడాలి. వెళ్లిపోతే దోషం డొమైన్‌దని అనుమానించాలి.

ఇక అటువైపు నుంచి చూద్దాం. ఈ ప్రాంతంలో సొంత మెయిల్ సర్వర్ నడిపే కాలేజీలు, మిల్లులు ఉంటే తెలియకుండా మంచి మెయిళ్లని విసిరికొట్టేది వాళ్లే కావచ్చు. సర్వర్ పెట్టిన మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు, సెట్టింగుల్లో అప్పటి జాబితాలు అలాగే ఉండిపోయాయి. జాబితాలు చచ్చిపోతాయి. చచ్చేముందు కొన్ని అడిగినవాళ్లందరికీ ‘ఉంది, ఉంది’ అని చెప్పడం మొదలుపెడతాయి, ఇకనైనా తమని అడగడం మానతారని. 2003 ఆగస్టులో ఒసిరుసాఫ్ట్ అనే జాబితా అలా ప్రపంచంలోని ఐపీలన్నిటినీ స్పామ్ అనేసింది. 2015 జనవరిలో ఏహెచ్‌బీఎల్ అదే చేసింది. పేరున్న సార్బ్స్ కూడా 2024 జూన్‌లో మూతపడింది. పాత సెట్టింగుల్లో వీటి పేర్లు ఉన్నాయేమో ఒకసారి చూసుకోవాలి.

ఇంకో పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. సర్వర్ డీఎన్‌ఎస్‌గా గూగుల్ వారి 8.8.8.8 పెట్టేస్తారు, సులువు కాబట్టి. ఉచితంగా అడిగేవాళ్లు అలాంటి బహిరంగ డీఎన్‌ఎస్ ద్వారా రాకూడదని స్పామ్‌హాస్ షరతు. వస్తే 127.255.255.254 అనే జవాబిస్తుంది. ‘మీరు అడిగే దారి తప్పు’ అని దానర్థం. కానీ 127తో ఏది మొదలైనా స్పామే అనుకునేలా సర్వర్‌ని పెట్టి ఉంటే ఆ క్షణం నుంచి వచ్చే ప్రతి మెయిలూ స్పామే. అడ్మిషన్ల రోజుల్లో ఒక కాలేజీకి ఇది జరిగితే తల్లిదండ్రుల మెయిళ్లు ఒక్కటీ లోపలికి రావు. కాలేజీలో మాత్రం ‘ఈ వారం ఫిల్టర్ బాగా పనిచేస్తోంది, స్పామే లేదు’ అని సంబరపడతారు. సొంత డీఎన్‌ఎస్ రిజాల్వర్ (డీఎన్‌ఎస్‌ని అడిగి జవాబు తెచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవడం, జవాబు సరిగ్గా ఏ అంకెతో వచ్చిందో చూసి మాత్రమే నమ్మడం దీనికి మందు.

ఒక్క జాబితా మాట మీద మెయిల్‌ని తిప్పికొట్టడం కూడా తొందరపాటే. స్పామ్ అసాసిన్ లాంటి ఫిల్టర్లు ఒక్కో జాబితాకి కొన్ని మార్కులు వేసి, మొత్తం మార్కులు హద్దు దాటితేనే స్పామ్ అంటాయి. బాగా నమ్మకమైన ఒకటి రెండు జాబితాలకే తలుపు వేసే అధికారం ఇచ్చి, మిగతావాటికి మార్కులు వేసే అధికారం ఇస్తే చాలు. తిప్పికొట్టినప్పుడు జాబితా పేరు, లింకు చెప్పి తిప్పికొట్టాలి. ‘మీ మెయిల్ తీసుకోబడదు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకునే సర్వర్లు అవతలివాణ్ని నూతిలోకి తోసినట్టే.

మామూలు జనం ఎక్కువగా రాసేది జీమెయిల్‌కి. అక్కడ లెక్క వేరు. గూగుల్ తన సొంత లెక్కల మీదే ఎక్కువగా నడుస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు గట్టి చేశాయి. జీమెయిల్‌కి ఎవరు పంపినా ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ అనే గుర్తింపు ఉండాలి (అవేమిటో కింద ఉంది). రోజుకి 5,000 పైన పంపేవాళ్లకి రెండూ ఉండాలి, డీమార్క్ కూడా ఉండాలి, ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో వద్దనుకునే సౌకర్యం ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మేలో ఇంచుమించు ఇదే దారి పట్టింది. ఎస్‌పీఎఫ్ అంటే ఈ డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకి ఉందో డీఎన్‌ఎస్‌లో రాసిపెట్టే వరుస. డీకిమ్ అంటే మెయిల్ మీద వేసే ముద్ర. ఈ రెండూ తప్పితే ఏం చేయాలో చెప్పేది డీమార్క్.

ఇక్కడ ఈ ఊళ్లలో తరచూ జరగగల పొరపాటు ఒకటి చెప్పాలి. మొదట హోస్టింగ్ తీసుకున్నప్పుడు ఒక ఎస్‌పీఎఫ్ వరుస రాశారు. తర్వాత మెయిల్‌ని వేరే కంపెనీకి మార్చినప్పుడు వాళ్లిచ్చిన ఇంకో వరుసని దాని కింద చేర్చారు. ఇప్పుడు రెండున్నాయి. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండుంటే రెండూ చెల్లనట్టే. రెండిట్లోని సర్వర్లనీ ఒకే వరుసలోకి చేర్చి, ఇక వాడని పాత సర్వర్ పేరు తీసేయాలి. అయిదు నిమిషాల పని. దీనికోసం నెలల తరబడి ‘మా మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి’ అని బాధపడేవాళ్లున్నారు. జీమెయిల్ తిప్పికొట్టిన నోటీసులో 5.7.26 అని ఉంటే ఇలాంటి గుర్తింపు లోపమే ఉందని అర్థం. దానికి ఏ బ్లాక్‌లిస్ట్‌కీ దరఖాస్తు పెట్టక్కర్లేదు.

హాల్ టికెట్లో ఫలితాలో వేలమందికి ఒక్క పూటలో పంపే కాలేజీలకి ఇంకో జాగ్రత్త కావాలి. ఏడాదంతా రోజుకి యాభై మెయిళ్లు పంపే సర్వర్ ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆరు వేలు పంపితే దొంగ దూరాడనే అవతలి సర్వర్లు అనుకుంటాయి. వాటిని తప్పుపట్టడానికీ లేదు. విడతలుగా పంపాలి, చదువు ముగించి వెళ్లిపోయిన విద్యార్థుల పాత అడ్రస్‌లు తీసేయాలి. లేని అడ్రస్‌లకి పదే పదే పంపడం కూడా చెడ్డపేరు తెచ్చే పనే.

పలాస వ్యాపారి దగ్గరికి వస్తే, హోస్టింగ్ వాళ్లు దొంగ సైట్‌ని ఆపారు, జాబితాలోంచి పేరు పోయింది అనుకుందాం. అప్పటికప్పుడు దారి తెరుచుకోకపోవచ్చు. పాత జవాబు డీఎన్‌ఎస్‌లో కొంతసేపు నిల్వ ఉంటుంది. కొన్ని చోట్ల నిమిషాల్లో, కొన్ని చోట్ల గంటల్లో సర్దుకుంటుంది. ఈలోగా అత్యవసరమైతే సొంత జీమెయిల్ నుంచి పంపొచ్చు. కాకపోతే ముందు పార్టీకి ఫోన్ చేసి చెప్పాలి, లేకపోతే కొత్త అడ్రస్ నుంచి వచ్చిన రేట్లు, బ్యాంకు ఖాతా నంబరు చూసి వాళ్లు అనుమానించడమే సబబు. ఇంకో సంగతి, 5 అంకెతో తిరిగొచ్చిన మెయిల్ దారి తెరుచుకున్నాక తనంతట తాను వెళ్లదు. మళ్లీ పంపాలి. అప్పటికి రేటు మారి ఉంటే కొటేషన్ కూడా కొత్తదే రాయాలి.